ఒక ఉసిరి చెట్టు, రెండు జీపులు

మేం కడప జిల్లా వెళ్ళొచ్చి పదిహేను రోజులైంది. మా తెనాలి బడిలో తోటి టీచర్లంతా నన్ను ఒకటే అడుగుతున్నారు: "బాంబులు చూశావా శారదా?" లేదనే చెప్తున్నాను. ఇంటర్వెల్ గంట మోగేలోపు చెప్పే సంగతి కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను. అటువైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళు చదువుకుంటారు, నా కడుపులో మంట కూడా కాస్త చల్లారుతుంది.

మా ఆయన రఘుది వేముల పక్కన ఒక పల్లె. ఊరి పేరు రాయను. ఆయన అన్నగారు, అంటే నా బావగారు, వెంకటసుబ్బయ్య. ఆ ఊళ్ళో ఒక పార్టీకి పెద్ద. అవతలి పార్టీకి గంగన్న అనే ఆయన పెద్ద. పార్టీ అంటే ఎన్నికల పార్టీ అనుకునేరు, కాదు. గంగన్న ఏ జెండా పట్టుకుంటే దానికి ఎదురు జెండా మా బావగారు పట్టుకుంటారు, అంతే. ఒక ఎన్నికలప్పుడు గంగన్న జెండా మార్చాడని వారం తిరక్కుండా ఈయనా మార్చారు. ఊళ్ళో గోడలన్నీ మళ్ళీ సున్నం కొట్టుకోవాల్సి వచ్చిందట. నవ్వొస్తుంది కదా? ఆరేళ్ళ కిందట మాత్రం నవ్వులాట కాలేదు. ఇటు ఇద్దరు పోయారు, అటు ఇద్దరు పోయారు. అప్పటినుంచి బావగారు ముందొక జీపు, వెనకొక జీపు నిండా మనుషులు లేకుండా గడప దాటలేదు.

దసరా సెలవులయ్యాక నా తోడికోడలు రవణమ్మక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "మీరు కార్తీకంలో రాండి. మనుషులు లేకుండా, మనమే, రెండు దినాలు తిరిగొచ్చి, సోమవారం పూట ఉసిరి చెట్టు కింద వండుకుని తిందాం. మీ బావ ఒప్పుకున్నాడు. నేనొక చెట్టు నీడన నిమ్మళంగా కూర్చుని ఆరేండ్లాయ" అని రాసింది. కింద ఇంకో ముక్క: "ఈ సంగతి ఎవురికీ చెప్పగాకండి."

నిమ్మళం అంటే అక్కడివాళ్ళ మాటలో మనశ్శాంతి, తీరుబాటు, రెండూను. ఆ ఒక్క మాట చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. మా తెనాలిలో వనభోజనాలంటే కరపత్రాలు, మైకు, మ్యూజికల్ చైర్సు. తోటలోకెళ్ళి అన్నం తినడానికి ఇంత గుట్టేమిటి? మా చిట్టికి ఏడేళ్ళు. దాన్నీ ఆయన్నీ బయల్దేరదీశాను.

ప్రొద్దుటూరు: గోడ పక్క కుర్చీ

ప్రొద్దుటూరు వీధుల్లో ఎటు చూసినా బంగారం అంగళ్ళు. మేం కొట్టు అనేదాన్ని వీళ్ళు అంగడి అంటారు. ఆ మెరుపంతా దాటి ఒక సందులో హోటల్లో బావగారూ, అక్కా మా కోసం కూర్చుని ఉన్నారు. తిరుపతి వెళ్తున్నామని సొంత మనుషులకే చెప్పి, వాళ్ళ చేతే ఎర్రగుంట్ల స్టేషన్ దాకా దిగబెట్టించుకుని, వాళ్ళు వెనక్కి తిరగ్గానే ప్లాట్‌ఫారం అవతలి వైపు నుంచి బయటికొచ్చేశారట. ముఖ్యుడు ఎర్రన్నక్కూడా చెప్పలేదట. ఎర్రన్న అంటే బావగారి కుడిచెయ్యి. పోయిన వేసవిలో జాతరంతా మా చిట్టిని భుజం మీద ఎక్కించుకుని తిప్పాడు.

"ఎర్రన్నకు చెప్పుంటే ఏమయ్యేది బావగారూ?" అన్నాను.

"వాడు ఒక్కణ్ణన్నా ఎంట పంపేవాడు మ్మా. ఆ ఒక్కని ఎంట ఇద్దురు. ఇంగ వనభోజనం యాడిది?" అన్నారు.

నేను వెళ్ళీ వెళ్ళగానే గోడ పక్క కుర్చీలో కూలబడ్డాను. బావగారు నిలబడే ఉన్నారు. ఎదురు కుర్చీ ఖాళీగానే ఉంది, అయినా కూర్చోరు. మర్యాద కోసం కాబోలనుకుని "కూర్చోండి, కూర్చోండి" అంటాను నేను. చివరికి అక్క నా చెవిలో, "ఆ కుర్చీ మీ బావకిడువు. ఆయప్పకు ఎనక గోడుండల్ల, ఎదురుగా వాకిలి అగపడల్ల" అంది. సిగ్గుతో లేచి ఇటు మారాను. అప్పుడుగానీ ఆయన దోసె తెమ్మనలేదు.

ఆ దోసె గురించి చెప్పాలి. ఎర్రకారం మెత్తగా నూరి దట్టంగా పూసి, మీద పప్పులపొడి చల్లి, నెయ్యి వేసి తెస్తారు. మా గుంటూరు జిల్లావాళ్ళం కారానికి భయపడమని గొప్పలు పోతామా, రెండో దోసెకి నా ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి. రెండు రూపాయలకి ఇంత శిక్ష ఎక్కడా ఉండదు. బావగారు ఒక్కసారి వాకిలి మీంచి చూపు తీసి నా అవస్థ చూసి నవ్వారు. ఆయన పళ్ళు కనపడగా చూడ్డం నాకదే మొదలు.

బాడుగ జీపు మస్తాన్‌ది. కువైట్లో ఆరేళ్ళు డ్రైవరుగా చేసొచ్చిన మనిషి, నోరు ఊరుకోదు. బావగారు తనని గుడ్డల వ్యాపారినని చెప్పుకున్నారు. మస్తాన్ అద్దంలోంచి ఆయన్ని చూస్తూ, "గుడ్డల వ్యాపారి కండ్లు ఇట్లుంటాయా అప్పా? మీరు చెప్పినట్లే కానీలే. నాకెందుకు?" అన్నాడు. బావగారు వెనక సీట్లో మధ్యన, అటు అక్క, ఇటు మా ఆయన. ఆరేళ్ళుగా ఆయన సీటు అదేనట.

జమ్మలమడుగు: లోయకు వీపు

జమ్మలమడుగు దాటి గండికోట ఎక్కాం. కోట లోపల మసీదూ, గుడీ, పాడుపడ్డ ధాన్యాగారం అన్నీ దాటి నడిచి వెళ్తే, ఉన్నట్టుండి నేల అయిపోతుంది. కింద పెన్న. ఎర్రటి బండలు దొంతర్లుగా పేర్చి ఎవరో మధ్యలో కోసేసినట్టుంటుంది లోయ. వానలు వెనకపట్టిన రోజులు కాబట్టి నీళ్ళు తేటగా ఉన్నాయి. గాలి చల్లగా తగులుతోంది. మా ఆయనా నేనూ మాట్లాడుకోకుండా అరగంట కూర్చున్నాం. మాకు పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో అది వింతే.

వెనక్కి తిరిగి చూద్దును కదా, బావగారు లోయకు వీపు పెట్టి, మేం వచ్చిన కాలిబాట వైపు తిరిగి కూర్చుని ఉన్నారు.

"అయ్యో, ఇటు తిరగండి బావగారూ! ఇంతదూరం వచ్చి చూడకపోతే ఎలా?"

"ఇదే మేలు మ్మా. ఎనక పక్క నుంచి ఎవురూ రాలేరు ఈడ" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని వచ్చి, తీరా లోయనే చూడకపోవడం ఏమిటి? నోరు తెరవబోతే మా ఆయన చెయ్యి నొక్కారు. ఇంతలో సీతాఫలాల గంపతో ఒకామె వచ్చింది. తెల్లజుట్టు, పెద్ద నవ్వు. అర్ధరూపాయికి చేతినిండా వచ్చేంత కాయ. పగలదీసి చిట్టి నోట్లో తనే పెట్టి, "ఏ ఊరప్పా మీది?" అని బావగారిని అడిగింది.

"ప్రొద్దుటూరు" అన్నారు ఆయన.

ఆమె అలా వెళ్ళగానే బావగారు నేల చూస్తూ, "తాతల కాణ్ణుంచి ఉన్న ఊరు. పేరు చెప్పుకోలేకపోతి" అన్నారు. అక్క పండు గింజలు ఒక్కొక్కటే ఊసి చెంగులో మూట కట్టుకుంది.

ఆ పూట జమ్మలమడుగులో మస్తాన్ వాళ్ళక్క ఇంట్లో దిగాం. ఆమె భర్త కువైట్లో ఉంటాడు. ముక్కూమొహం తెలియని మాకు రాగి సంగటి, శనక్కాయల చట్నీ, గోంగూర పెట్టింది. కార్తీకం అని మేం చెప్పకముందే గుడ్డు వడ్డించకుండా పక్కన పెట్టేసింది. బావగారికి లోపలి గది ఇమ్మని మస్తానే చెప్పాడు. "గుడ్డల వ్యాపారికి కిటికీ లేని గదైతే బాగుంటాది" అన్నాడు, మొహంలో మెతుకంత నవ్వు లేకుండా.

పులివెందుల: దుప్పటి కింద

సోమవారం పొద్దున్నే ముద్దనూరు మీదుగా బయల్దేరాం. ఎడమపక్క దూరంగా కలమల్ల కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు చాలాసేపు మాతోనే వచ్చాయి. దారి పొడుగునా వేరుశనగ పీకుతున్నారు. పొలం గట్ల మీద ఆడవాళ్ళు కాయలు రాల్చుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. గొర్రెల మంద రోడ్డు దాటుతుంటే మస్తాన్ బండి ఆపి బీడీ వెలిగించాడు. హారన్ కొట్టడు. "అవి పోయినప్పుడు పోతాం. బిరిన పోయి చేసేదేముంది?" అంటాడు. బిరిన అంటే త్వరగా. నాకా మాట ఎంత నచ్చిందో! బావగారు మాత్రం మంద దాటిందాకా వెనకా ముందూ చూస్తూనే కూర్చున్నారు. నిలబడ్డ జీపు ఆయనకి పడదు.

పులివెందుల రాగానే ఆయన సీటు కింద వంగి పడుకున్నారు. అక్క పైన దుప్పటి కప్పి, దాని మీద కూరగాయల సంచి పెట్టింది. ఆ ఊళ్ళో ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. చిట్టికి ఇదంతా దాగుడుమూతలాట. "పెదనాన్నా, కాలు కనపడుతోంది!" అని పెద్దగా అరిచింది. దాని నోరు మూసి, అంగట్లో విస్తరాకులూ, వంకాయలూ కొన్నాను. చిల్లర లెక్కపెట్టుకోకుండానే జీపెక్కానని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. యాభై దాటిన మనిషి, ఇంటికి పెద్ద, వంకాయల కింద ముడుచుకు పడుకుని ఉంటే చిల్లర ఎవరికి గుర్తుంటుంది?

పాపాఘ్ని ఒడ్డున తోపు

కార్తీక సోమవారం ఆ చుట్టుపక్కల అందరూ గండి ఆంజనేయస్వామి దగ్గరికే పోతారు. అందుకని బావగారు గండి వద్దన్నారు. ఏటికి ఎగువన, రోడ్డు దిగి బండ్ల దారిన పోతే, వంక మీద చిన్న కల్వర్టు దాటాక ఒక పాత తోపు ఉంది. కూలిన మంటపం, నాలుగైదు వేపచెట్లు, ఒకే ఒక్క ఉసిరి చెట్టు. "ఎవురికీ తట్టని తావు ఇది. పది దినాలు ఆలోచన చేసి పట్టినా" అన్నారు. రావడానికీ, పోవడానికీ అదొక్కటే దారి.

చక్కటి చోటు. ఏట్లో మోకాలిలోతు నీళ్ళు, ఇసుక మీద ఎండ. అక్క రాళ్ళు పెట్టి పొయ్యి ముట్టించింది. నేను అలసందలు రుబ్బడానికి కూర్చున్నాను. బావగారు చెప్పులు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టారు. ఇంత కష్టపడి వచ్చినందుకు ఫలితం దక్కిందనుకుంటున్నాను, సరిగ్గా అప్పుడు జీపు చప్పుడైంది.

కల్వర్టు దాటి ఒక నీలం జీపు తోపులోకొచ్చి ఆగింది. ముందు నుంచి తెల్లపంచె మనిషి దిగాడు. వెనక నుంచి ముగ్గురు ఆడవాళ్ళు, చేతుల్లో గిన్నెలు, విస్తరాకులు. తెల్లపంచె మనిషి మమ్మల్ని చూసి అడుగు వెయ్యబోయి ఆగిపోయాడు. అక్క చేతిలో గరిటె జారి కింద పడింది.

"గంగన్న" అంది, గొంతులో.

నలభై అడుగులు ఉంటుంది మధ్య. బావగారు నీళ్ళలోంచి లేచి అలాగే నిలబడ్డారు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. నేను చిట్టిని లాక్కుని నా వెనక పెట్టుకున్నాను.

"నేనొస్తాండానని నీకెవురు చెప్పినారు?" అన్నాడు గంగన్న.

"నాకెవురు చెప్తారు? నీకెవురు చెప్పినారు నేనుండానని?" అన్నారు బావగారు.

"నీ మనుషులేరి?"

"నీ మనుషులేరి?"

ఇద్దరూ చెట్ల వెనకా, మంటపం వెనకా చూశారు. ఎవరూ లేరు. నిజం మెల్లిగా తెలిసొచ్చింది. ఆయన కూడా తన మనుషులకి ఇంకేదో ఊరు చెప్పి, బాడుగ జీపు మాట్లాడుకుని, గండికి పోతే ప్రమాదమని, ఎవరికీ తట్టని తావు పది రోజులు వెతికి, ఇక్కడ తేలాడు! నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఒకరికొకరు దొరక్కూడదని ఇద్దరూ ఒకేలా ఆలోచించి, ఒకే చెట్టు కిందికి వచ్చారు.

"ఎక్కండి, పోదాం" అన్నాన్నేను.

"యాడికి పోతాం?" అన్నారు బావగారు, కళ్ళు అటునుంచి తిప్పకుండా. "దారి ఒకటే. ముందు పోయినోడు రోడ్డెక్కి మనుషుల్ని పిలిపిస్తే, ఎనక మిగిలినోని పని అయిపోయినట్లే. ఆయప్ప నన్ను పోనియ్యడు. నేను ఆయప్పను పోనియ్యను."

అదీ మా వనభోజనం. పొద్దున పది గంటలకి మొదలు, ఎవరూ కదలడానికి లేదు.

ఉప్పు

మొదట కదిలింది గంగన్న తల్లి, లక్షుమ్మవ్వ. డెబ్బై ఏళ్ళుంటాయి, వెన్ను ఇంకా వంగలేదు. "వచ్చినోళ్ళం వచ్చినాం. ఉండేది ఒకటే చెట్టు. ముందు మీరు దీపం పెట్టుకుంటారా, మేం పెట్టుకోవాల్నా?" అని కేకేసింది. అక్క లేచి దీపం పెట్టి, ప్రదక్షిణం చేసి వచ్చింది. వాళ్ళు ఆ తర్వాత చేశారు. చెట్టుకి అటు వాళ్ళ పొయ్యి, ఇటు మా పొయ్యి. మస్తాన్ జీపు కింద దూరి, ఏదో బాగుచేస్తున్నట్టు నట్లు విప్పుతూ బిగిస్తూ కూర్చున్నాడు.

గంటన్నర అలా గడిచింది. తర్వాత జరిగింది నేను కళ్ళారా చూడకపోతే నమ్మేదాన్ని కాదు. బావగారు కండువా తలకింద పెట్టుకుని, వేపచెట్టు మొదట్లో ఒరిగి, నిద్రపోయారు. గుర్రు కూడా పెట్టారు. అక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "ఆరేండ్లాయ మ్మా ఈయప్ప పగలు కన్ను మూసి" అంది.

అరగంటకి లేచాక నేనుండబట్టలేక అడిగాను, "ఎలా నిద్రపట్టింది బావగారూ, ఆయన్ని ఎదురుగా పెట్టుకుని?"

"ఎదురుగా ఉండాడు గాబట్టే మ్మా. యాడుండాడో తెలీనప్పుడు గదా భయం" అన్నారు, చాలా మామూలుగా. అటు చూస్తే గంగన్న కూడా తువ్వాలు మొహం మీద కప్పుకుని పడుకున్నాడు. ఏటి చప్పుడు వినిపిస్తోంది. ఎక్కడో గొర్రెలు అరుస్తున్నాయి. ఎవరికీ ఎక్కడికీ పోయే తొందర లేదు, పోవడానికి లేదు కనక. నిజం చెప్పాలంటే, ఆ ప్రయాణం మొత్తమ్మీద నిమ్మళం అన్నది ఉంటే అప్పుడే ఉంది.

మధ్యాహ్నానికి వంటలయ్యాయి. అటునుంచి గుసగుసలు, గిన్నెల మూతలు తీసి పెట్టిన చప్పుళ్ళు. గంగన్న భార్య మొహం పాలిపోయి ఉంది. ఉప్పు మర్చిపోయారు! అన్నం, పప్పు, పులుసు అన్నీ చప్పిడి. ఉప్పులేక ఇబ్బంది పడుతున్నారు పాపం అనుకుని, నేను ఉప్పు పొట్లం చిట్టి చేతికిచ్చి, "ఆ అవ్వకిచ్చిరా" అని పంపేశాను. మా వైపు చేసే పనే కదా. పక్కింటికి చిన్న గిన్నె పట్టుకుని పోనిదెవరు?

చిట్టి సగం దూరం వెళ్ళేసరికి అందరూ లేచి నిలబడ్డారు. అక్క నా రెక్క పట్టుకుని, "ఎంత పని చేస్తివి! వాళ్ళు మన ఉప్పు తింటారా? తింటే ఇంగ మన మీద చెయ్యెత్తేదానికుండదు. తినకపోతే మనల్ని అవమానం చేసినట్లు" అంది. నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. చిట్టి ఆగలేదు. లక్షుమ్మవ్వ ఎదుటికెళ్ళి పొట్లం అందించబోయింది.

"చేతికియ్యగాకు బంగారూ. ఆ బండ మీద పెట్టు" అంది లక్షుమ్మవ్వ.

చిట్టి పెట్టింది. అవ్వ ఆ పొట్లం వంక చాలాసేపు చూసింది. కొడుకు వైపు చూసింది. గంగన్న కాసేపటికి తల ఒకవైపు తిప్పుకున్నాడు. అవ్వ వంగి పొట్లం తీసి, విప్పి, పప్పులో వేసి కలిపింది. గంగన్న విస్తరి ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఇటు మేమెవరం కూర్చోలేదు. ఆయన మింగాడు. అప్పుడు బావగారు కూర్చుని, "వడ్డిచ్చండి" అన్నారు. వడ్డించాం. రుచి నాకు గుర్తు లేదు.

మైలురాయి

పొద్దు వాలుతోంది. చీకటి పడితే ఇద్దరికీ ముప్పే. అవ్వ చెట్టు కిందికొచ్చి నిలబడి అంది: "సుబ్బయ్యా, వాడు నీ ఉప్పు తిన్యాడు. వాణ్ణి నమ్ము. నన్ను మీ జీపులో కూర్చోబెట్టుకో. మీ బిడ్డను మా జీపులో పంపు. ముందు మేం పోతాం, అరగంటకు మీరు రాండి. రోడ్డు మీద మైలురాయి కాడ ఎవురి మనిషిని వాళ్ళు తీసుకుందాం. ఇద్దురూ కలిసి వస్తాండారని చూస్తే రెండు పక్కలోళ్ళూ ఊరుకోరు."

బిడ్డ అంటే నా చిట్టి. అక్కడ ఇంకో బిడ్డ లేదు.

"నేను పంపను" అన్నాను. గట్టిగానే అన్నాను. "మీ గొడవల్లో పుట్టిన పిల్ల కాదది. కావలిస్తే నేనొస్తాను మీ జీపులో."

"నిన్నెవురు ఎరుగుదురు ఈ పక్క, కోస్తా కోడలా?" అంది అవ్వ. ఆ మాటకి అర్థం నాకప్పుడు తట్టలేదు. కొత్తదాన్నని తీసిపారేస్తోందనుకున్నాను.

మా ఆయన వైపు చూశాను. ఆయన గిన్నెలు సర్దుతున్నారు. పిరికిపంద అని మనసులో తిట్టుకున్నాను. బావగారు నా ముందుకొచ్చి చేతులు జోడించారు. "బిడ్డకేమైనా అయితే నా తల నీ కాళ్ళకాడ పెడతా మ్మా" అన్నారు. నాకు తలలెందుకు? అవ్వ నా గడ్డం పట్టుకుని, "నా కొడుకు ప్రాణం నీ బిడ్డ చేతిలో పెడతాండా. నువ్వు నన్ను పట్టుకో" అంది. కళ్ళ నిండా నీళ్ళు. ఆ కళ్ళు చూసే ఒప్పుకున్నాను. ఇంకే ధైర్యమూ కాదు.

గంగన్న చిట్టిని ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చోబెట్టాడు. మిగతా ఆడవాళ్ళతో ఆయన వెనక ఎక్కాడు. జీపు కల్వర్టు దాటి దుమ్ములో కలిసిపోయింది.

ఆ అరగంట ఎలా గడిచిందో రాయలేను. తర్వాత మా జీపు కదిలింది. అవ్వ ముందు సీట్లో కూర్చుంది, నేను ఆమె చెయ్యి వదల్లేదు. ఆమె ముసుగు తీసేసి, తల బయటికి పెట్టి, "నిదానంగా పో నాయనా, గాలి తగలాల" అంటుంది. మస్తాన్ ఇంకా నిదానం చేశాడు. నాకేమో దూకి పరిగెత్తాలని ఉంది. గాలి కావాల్సొచ్చిందా ఇప్పుడు ఈ ముసలమ్మకి అని పళ్ళు కొరుక్కున్నాను.

మైలురాయి మీద చిట్టి కూర్చుని ఉంది. పక్కన గంగన్న నిలబడి ఉన్నాడు. దాని గౌను జేబుల నిండా ఉసిరికాయలు, మూతి అంతా కాయ పసరు. దాన్ని ఎత్తుకుని నలిపేశాను. అవ్వ దిగి కొడుకు వైపు నడిచింది. మగవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఎవరి జీపు వాళ్ళెక్కారు.

అరుగు మీద గంప

ఊరు చేరేసరికి ఇంకా వెలుతురుంది. అరుగు మీద ఎర్రన్న, ఇంకో ముగ్గురు కూర్చుని ఉన్నారు. పక్కన వేరుశనగ కట్టె కప్పిన గంప. బావగారిని చూసి ఎర్రన్న లేచాడు. మొహంలో నెత్తురు లేదు.

"తిరపతి అంటివి గదప్పా" అన్నాడు. "గంగన్న మనుషులు లేకుండా తోపుకు పోయినాడని మనోళ్ళు చూసొచ్చి చెప్పినారు. నువ్వొచ్చేలోపల పని ముగిచ్చేద్దామని కల్వర్టు కింద కూర్చున్యాం. జీపొచ్చింది. ఇసిరేదానికి చెయ్యి ఎత్తినా. చూస్తే ముందు సీట్లో మన చిట్టి. నన్నే చూసి చెయ్యి ఊపుతాంది. ఎట్ల ఇసురుదునప్పా?"

బావగారు చిట్టిని దగ్గరికి లాక్కున్నారు. నేను ఆ గంప వంక చూశాను. మా స్టాఫ్ రూములో అడుగుతున్నారే, చూశావా అని. చూశాను. ఉప్పు తిన్నవాడు మాట నిలుపుకున్నాడు. ఉప్పు పెట్టినవాళ్ళం మేం, కల్వర్టు కింద ఉన్నదీ మావాళ్ళే.

"నా పిల్ల ఆ జీపులో లేకపోతే?" అన్నాను. "నేను మొండికేసి పంపకపోతే ఏమయ్యేది బావగారూ?"

చిట్టే పలికింది.

"ఎర్రన్న మామా, నువ్వు నాకు కనపళ్ళేదు. కల్వర్టు మీద ఎవరూ లేరు. ఆ తాతే ఊపమన్నాడు. చెట్లొచ్చినప్పుడల్లా, బండలొచ్చినప్పుడల్లా, ఎవరూ లేకపోయినా నవ్వుతూ గట్టిగా ఊపు బంగారూ అన్నాడు. నా చెయ్యి నొప్పెట్టింది."

అవ్వకి గాలి ఎందుకు కావాల్సొచ్చిందో నాకప్పుడు తెలిసింది. ముసుగెందుకు తీసిందో, మా జీపు నిదానంగా ఎందుకు పొమ్మందో. పొంచి ఉన్నవాళ్ళ చెయ్యి ఆగేది తెలిసిన మొహం చూసే: మావాళ్ళకి జాతరంతా ఎర్రన్న భుజం మీద తిరిగిన చిట్టి, గంగన్న మనుషులకి ముసుగు తీసిన అవ్వ.

బావగారు మారిపోయారని రాయాలని ఉంది, చెయ్యి రావడం లేదు. గంప ఆ సాయంత్రమే అరుగు మీంచి తీయించారు. ఎక్కడ పెట్టించారో నేనడగలేదు. మొన్న అక్క ఉత్తరం రాసింది, ఆయన పగలు ఒక గంట పడుకుంటున్నారట, తలుపు వేసుకునే. సీతాఫలం గింజలు పెరట్లో నాటిందట, ఇంకా మొలవలేదట.

మేం తెనాలి వచ్చేశాం. చిట్టి రోజూ నాతో రిక్షాలో బడికొస్తుంది. కాలవ గట్టు మీద తుమ్మ పొదలు దగ్గరికి రాగానే నవ్వుతూ చెయ్యి ఊపుతుంది. నిన్న ఉండబట్టలేక, ఎవరికే ఊపుతున్నావని అడిగాను.

"ఎవరైనా ఉంటారేమోనమ్మా" అంది.